బంతిలోంచి ఏ బిడ్డనూ లేపనివ్వం

అమ్మలారా, అప్పలారా, రాబర్ట్‌సన్‌పేట బజారులో అంగళ్ళు మూసి వచ్చిన మిత్రులారా, బిడ్డల్ని చంకనేసుకొని గౌనిపల్లి నుంచి, మాస్తి నుంచి బస్సులెక్కి వచ్చిన తల్లులారా, మీ అందరికీ నమస్కారం.

సౌభాగ్య మనల్ని విడిచి పదకొండు రోజులైంది. నలభై రెండేళ్ళ మనిషి. నాకు ప్రసంగాలు రావు. బియ్యం, రాగులు అమ్ముకునే మునేష్‌ని నేను. కానీ కొన్ని మాటలు చెప్పకుండా ఈరోజు ఇక్కడి నుంచి దిగను.

ఆమె బంగారు గని కార్మికుడి కూతురు. గని కూలీలకు కట్టిన లైన్లలోని ఇంట్లో పుట్టింది. ఆక్యుపేషనల్ థెరపీ చదివి, బెంగళూరు ఉద్యోగం వదిలి, మన ఊళ్ళో రెండు గదులు తీసుకొని కూర్చుంది. ఇదేం డాక్టరు పనమ్మా అని అడిగితే, "తినేది, ఆడుకునేది, గుడ్డలేసుకునేది, ఇవే కొందరు పిల్లలకు కష్టం. ఆ కష్టం యాడుండాదో చూసే పని నాది" అనేది.

మా వినుతకు ఆటిజం. ఐదేళ్ళ వయసులో బొరుగులు, అప్పడం తప్ప ఏదీ ముట్టేది కాదు. ధాన్యం అంగడి నాది. నా బిడ్డ నోట్లోకి ముద్ద పోదు. మేమేం చేసేవాళ్ళమో చెప్పనా? నేను చేతులు పట్టుకునేవాణ్ణి. మా అమ్మ ముక్కు మూసేది. నా భార్య నాగరత్న ఏడుస్తూ రాగిముద్ద కుక్కేది. బిడ్డ కక్కేది. తల్లి గారాబం అన్నారు జనం. ఆ మాట అన్నవాళ్ళు ఈ సభలోనూ ఉన్నారు. మొదట అన్నవాణ్ణి నేనే.

సౌభాగ్య మా ఇంటికొచ్చి ఒక పూట మా భోజనం చూసింది. ఎవరినీ తిట్టలేదు. "ఇది మొండితనం కాదప్పా. ఆ మెత్తదనమే దాని నోటికి ముల్లు మాదిరి ఉండాది. మీరిట్ల పట్టుకుంటే ఇంగ కంచం చూస్తేనే భయం" అన్నది. పంటినొప్పి, మలబద్ధకం ఉన్నాయేమో ముందు డాక్టరుకు చూపించమంది. కుర్చీలో వేలాడుతున్న బిడ్డ కాళ్ళ కింద ఒక చెక్కపెట్టె జరిపింది. అందరూ కలిసి కూర్చోండి, మీరూ బొరుగులు తినండి, ముద్ద పక్క గిన్నెలో ఉండనీ, తినమని ఒక్క మాట అనొద్దు అని చెప్పింది.

ఎన్నాళ్ళు పట్టింది? నాలుగు నెలలకు వినుత ఆ గిన్నె వైపు చూసింది. ఏడో నెలలో వేలితో తాకింది. ఏడాది దాటాక నాలుకకు రాసుకుంది. మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది. ఈరోజుకీ వినుత తినేవి పద్నాలుగు రకాలే. కానీ మా ఇంట్లో అన్నం దగ్గర ఇప్పుడెవరూ ఏడవరు.

క్యాసంబళ్ళిలో మా చెల్లెలి గృహప్రవేశం. భోజనాల బంతిలో వినుత ఇంటి నుంచి తెచ్చుకున్న తన డబ్బా తెరిచింది. శుభకార్యంలో ఇదేమిటి, బిడ్డను లోపలికి తీసుకుపొమ్మని ఒక పెద్దాయన గద్దించాడు. నేను లేవబోయాను. అవును, తల వంచుకొని లేవబోయాను. ఎదురు బంతిలో ఉన్న సౌభాగ్య తన ఆకు వదిలేసి వచ్చి, బిడ్డ పక్కన కొత్త ఆకు వేయించుకుంది. "దాని నోటికి పట్టేది అది తింటాది. ఈ బిడ్డ లేస్తే నేనూ లేస్తానప్పా" అన్నది. ఎవరూ లేవలేదు. పెద్దాయన తలదించుకొని సాంబారు వేయించుకున్నాడు.

చివరి నెలల్లో క్యాన్సర్ మందులకు సౌభాగ్య నోటి రుచే మారిపోయింది. గంజి వాసనకే వాంతి. నేను చూడబోయిన రోజు వాళ్ళమ్మ మునిలక్ష్మమ్మ ఒక్క చెంచా అని బతిమాలుతోంది. సౌభాగ్య చెంచాను మెల్లగా జరిపి, "పక్కన పెట్టమ్మా. నా చేత అయినప్పుడు తాగుతా" అన్నది. ఆ తల్లి చెంచా గిన్నెలో పెట్టేసి, కూతురి చెయ్యి పట్టుకొని కూర్చుంది.

ఇప్పుడు కొందరంటున్నారు, ఆమె పోయింది, ఇక గదులు ఖాళీ చేయండి, పిల్లల్ని బెంగళూరు తీసుకుపోండి అని. ఎందుకు పోవాలి? గౌనిపల్లి తల్లి కూలి మానుకొని వారంవారం బెంగళూరు పోగలదా? గనులు మూసినప్పుడు ఈ ఊరే అయిపోయిందన్నారు. అయిపోయిందా? మనం లేమా? సౌభాగ్య దగ్గర పని నేర్చుకున్న థెరపిస్టు యశస్ వారానికి మూడు రోజులు వస్తానన్నాడు. సోమవారం పదింటికి తలుపు తెరుస్తాం. ఏ ఇంట్లో బిడ్డ ముక్కు మూసి తినిపిస్తున్నారో, ఆ ఇంటికి మాలాంటి తల్లిదండ్రులం వెళ్తాం, మా తప్పు మేమే చెప్పుకుంటాం. బంతిలోంచి ఏ బిడ్డనూ లేపనివ్వం.

ఇక అందరూ లేవండి. సౌభాగ్య కోసం రెండు నిమిషాలు నిలబడదాం. ఈ సభలో ఇరవైమంది పిల్లలున్నారు. కొందరు కేకలు వేస్తారు, కొందరు చప్పట్లు కొడతారు, కొందరు కుర్చీల మధ్య పరుగెత్తుతారు. వాళ్ళను ఊరుకోబెట్టకండి. బయటికి తీసుకుపోకండి. మౌనంగా ఉండాల్సింది మనం.