దొరగారి గొంతుకి తిప్పిలి కషాయం

పురుషోత్తమన్ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొని టీ కొట్టుకి వచ్చినాడు. పాండిచ్చేరి నెల్లితోపు మార్కెట్టు పక్కన లీలమ్మ కొట్టుకి ఇస్త్రీ చొక్కాతో వచ్చిన మనిషి ఇన్నేళ్ళలో ఒక్కడూ లేడు. అందుకని లీలమ్మ పాలగిన్నె కింద మంట తగ్గించి మరీ చూసింది.

కారణం బెంచీ మీద కూర్చోనుంది. పేరు కవిప్రియ. పక్క పేట సారంలో ఉండే తెలుగోళ్ళ పిల్లే, కాలాపేట యూనివర్సిటీలో చదవతా, అక్కడ పిల్లలు నడిపే రేడియోలో ఆదివారం పూట మాట్లాడతాది. వారానికొక పాత అభిమానిని పిలిచి, ప్రాణంగా విన్న బ్యాండు గురించి పది నిమిషాలు చెప్పించి, ఆ వెనకే ఆ బ్యాండు పాట ఒకటి వేస్తారు. ఈ ఆదివారానికి ఒక మనిషి కావాల. ఆ మనిషి తానే కావాలని పురుషోత్తమన్‌కి రెండు రోజులుగా నిద్ర లేదు. కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళు తన మాట నమ్మనోళ్ళంతా వినాల, అల్లుడు వినాల, ఆ అల్లుడి తండ్రి మరీ వినాల.

పక్కన కూర్చోనుండేది దొరైస్వామి. ఒకప్పుడు ఇదే వీధిలో ఆయనకి రికార్డింగు షాపు ఉండేది. పెద్ద రికార్డుల మీదుండే పాటల్ని అడిగినోళ్ళకి క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చేవాడు. పురుషోత్తమన్ ఆ షాపులోనే పరిచయమైనాడు. నలభై ఏళ్ళ స్నేహం.

"రాసుకోమా," అన్నాడు పురుషోత్తమన్, కాలు మీద కాలేసుకొని. "కాపర్ హెరన్స్. ఇంగ్లాండులో లీడ్స్ ఊరోళ్ళు. నలుగురు. పదేళ్ళు వాయించినారు, అయిదు రికార్డులు తెచ్చినారు, ఇంక చాలు అని లేచి ఎవరింటికి వాళ్ళు పొయినారు. చాలు అనేది తెలిసినోళ్ళు లోకంలో ఎంతమంది ఉండారు చెప్పు?"

"నీకు తెలీదు, అది మాత్రం నిజం," అంది లీలమ్మ.

కవిప్రియ నవ్వి రాసుకుంటా ఉంది, తమిళ అక్షరాల్లో. ఇంట్లో తెలుగే మాట్లాడతాది గాని రాయడం రాదు.

"వాళ్ళ గొప్పేందంటే, తొందర లేదు. మిగతా బ్యాండ్లన్నీ టౌను బస్సు తప్పిపోతాదన్నట్టు పరిగెత్తతాయి. వీళ్ళు నడిచినారు. మొదటి రికార్డులో మెల్లగా, రెండోదాంట్లో ఇంకా మెల్లగా, అయిదోదానికి వచ్చేసరికి డ్రమ్ము మీద ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నువ్వు టీ తాగి గ్లాసు కడిగి రావచ్చు. ఆ డెరెక్ ఉండాడే, పాడేవాడు, వాడి గొంతు రికార్డుకొక మెట్టు దిగింది. మొదట గొంతులోంచి పాడినాడు, ఆ తర్వాత రొమ్ములోంచి, ఆఖర్న బొడ్డులోంచి. ఇంకోటి రాసుకో, ఇది ఎవరూ చెప్పరు. రికార్డు ఒక పక్క అయిపొయ్యేటప్పుడు పాటని సగం మాటలో నిలిపేస్తారు. మాట సగంలో! టక్, అంతే. అట్టా నిలిపే ధైర్యం ఇంకెవడికుంది?"

దొరైస్వామికి టీ పొలమారింది. ఎందుకంటే ఆ మెట్లు దిగింది డెరెక్ కాదు. షాపులో రికార్డు ప్లేయరు బెల్టు తెగితే, కొత్తది మద్రాసులో కూడా దొరక్క, సైకిల్ ట్యూబు ఉంగరంలాగా కోసి వేసింది దొరైస్వామే. రబ్బరు ఏడాదికేడాది సాగింది. సాగే కొద్దీ రికార్డు మెల్లగా తిరిగింది, మెల్లగా తిరిగితే సన్న గొంతు కూడా లావెక్కతాది, పాట పొడుగైపోయి క్యాసెట్టులో టేపు ముందే అయిపోతాది. ఈ సంగతి తెలిసీ ఆయన నలభై ఏళ్ళు నోరు మూసుకొని ఉండాడు. పురుషోత్తమన్ ఆ క్యాసెట్లే తిప్పి తిప్పి వింటాడు, ఫోన్లో పాటంటే నీళ్ళు కలిపిన పాలంటాడు, కాబట్టి బయటపడే దారే లేకపోయింది. ఇప్పుడు దారి వచ్చింది. ఆదివారం ఈయన బొడ్డులోంచి వచ్చే గొంతని చెప్పి ముగించగానే రేడియోలో అసలు పాట వస్తాది. కాలాపేట నించి సారం దాకా నవ్వతారు. అల్లుడి తండ్రి మరీ నవ్వతాడు.

"పురుషూ, చాల్లేరా. ఆ పిల్లకి క్లాసుంటాది," అన్నాడు దొరైస్వామి.

"ఉండు దొరై, అసలు సంగతి యాడ చెప్పినా ఇంకా? కవిప్రియా, ఎనభై మూడులో వాళ్ళ డ్రమ్ములోడు వాయిస్తా వాయిస్తా కునుకు తీస్తా ఉండాడని నాకు అనుమానమొచ్చింది. ఏమీ లేదు, విదేశాలకి రాసే ఏరోగ్రామ్ కాయితం ఒకటి తీసి నాలుగు ముక్కలు రాసినా. మీ డ్రమ్ములోడికి నిద్ర చాల్లేదు, ఇంటికి పంపండి అని. ఆర్నెల్లకి కొత్తోడు వచ్చినాడు. నా వల్లనే అని నేను చెప్పను. తేదీలు చూసుకో, నీకే తెలస్తాది."

"జవాబు రాసినారా తాతా?" అంది కవిప్రియ.

"జవాబా? మనిషే వచ్చినాడు! ఎనభై ఆరు, మూడో రికార్డు అయినాక. సారంలో మా ఇంటి ముందు రిక్షా ఆగింది, దిగినోడెవరు? డెరెక్కే. ఏందిరా అబ్బాయా అంటే నోరు తెరిచినాడు, దోమ రొద మాదిరి వచ్చింది. గొంతు పొయింది. లండన్ డాక్టర్లు చేతులెత్తేసినారంట. ఇంక పాడేది లేదు, చెప్పిపోదామని వచ్చినా అని ఏడ్చినాడు. నాకూ ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. మా అమ్మ లోపల్నించి వచ్చి, ఏడిస్తే ఏమొస్తాది, తిప్పిలి దంచు అంది. తిప్పిలి, అదే పిప్పళ్ళు, శొంఠి, మిరియం, తాటిబెల్లం. మూడు పొద్దులు పోసినాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దోమ ఏనుగైంది," అంది లీలమ్మ.

"మొదటి పొద్దు తాగి ఒక్క మాటన్నాడు, 'థ్యాంక్యూ అమ్మా' అని. అటక మీద ఇత్తడి బిందెలు మూడు దొర్లి కింద పడినాయి. రెండో పొద్దు వీధిలోకి వచ్చి దగ్గినాడు, నెల్లితోపులో టౌను బస్సు డ్రైవరు తన ఇంజనే అనుకొని బండి ఆపి బానెట్టు తెరిచినాడు. మూడో పొద్దు, ఈ సందుల్లో వద్దురా నాయనా, ఇళ్ళు పాతవి అని కాలాపేట సముద్రానికి తీసకపోయినా. ఇసకలో నిలబడి ఒక పాట ఎత్తినాడు చూడు, నడి సముద్రంలో ఉండే పడవలన్నీ, ఓడ హారను కొడతా ఉందని గట్టుకి తిరిగినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవల వెనక తిమింగిలం! కొండంత తిమింగిలం, గట్టుకి దగ్గరగా వచ్చి, వాడు పాడతా ఉంటే తోకతో తాళమేసింది. ఒక్క దెబ్బ తప్పలా. నాలుగో రికార్డుకి దాన్నే పెట్టుకోవాలనుకున్నారు, వీసా దొరకలా."

"తిమింగిలానికా?" అంది కవిప్రియ, రాయడం ఆపి.

"దాన్నే అడుగు, నేనెందుకు చెప్పాల? సరే, డెరెక్ లండన్ పొయి లక్ష మంది ముందర పాడినాడు. ఆ రాత్రి ఫ్రాన్సులో కిటికీలు అదిరినాయి. మన ఊళ్ళో ఫ్రెంచి పటాళంలో చేసి పెన్షన్ తీసుకునే సోల్జరు తాతలుండారే, వాళ్ళకి అక్కడి చుట్టాలు ఉత్తరం రాసినారు, ఎవుర్రా ఆ సారం పురుషోత్తమన్, వాడి కషాయానికి మా ఇంట్లో గాజు సామానంతా పొయింది అని. పాట అయినాక డెరెక్ మైకు పట్టుకొని, ఈ గొంతు నాది కాదు, పాండిచ్చేరిలో ఒక తల్లి పెట్టింది అన్నాడు. లక్ష మందీ లేచి నిలబడి, పురుషోత్తమన్ అమ్మగారికీ అని అరిస్తే, జే అని థేమ్సు నది వెనక్కి పారింది!"

"చెప్పేవాడికి వినేవాడు లోకువంట," అని లీలమ్మ గ్లాసులు తీసుకునింది.

కవిప్రియ మాత్రం పుస్తకం మూసి, కళ్ళు మెరస్తా, "సూపరు తాతా! ఆదివారం పది గంటలకి మీరే. అయిదో రికార్డులో మొదటి పక్క ఆఖరి పాట వేస్తాను, మీరు చెప్పిన ఆ గొంతు అందరూ వినాల," అంది.

పురుషోత్తమన్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. మొహం వెలిగిపోతా ఉంది. దొరైస్వామి ఆ మొహాన్నే చూసినాడు. చెప్తే ఈ సంతోషం ఇక్కడే పోతాది, చెప్పకపోతే ఆదివారం ఊరంతటి ముందర పోతాది. ఇక్కడ ఈ నలుగురి మధ్య పొయ్యేదే మేలనుకున్నాడు.

"ఆ పాట ఇప్పుడే పెట్టుమా," అన్నాడు. "ఇక్కడే."

కవిప్రియ ఫోను బెంచీ మీద పెట్టింది. గిటారు గబగబా వచ్చింది, డ్రమ్ములు దాని వెనకే పరిగెత్తినాయి, ఆ పైన ఒక సన్నటి కుర్ర గొంతు ఉరకలేస్తా పాడింది.

"ఎవడు వాడు?" అన్నాడు పురుషోత్తమన్.

"డెరెక్కే తాతా."

"డెరెక్ కాదు. ఫోన్లో నీళ్ళు కలిపినారు, నేను చెప్పలా?" అన్నాడు గాని చెవి దగ్గరికి పెట్టినాడు. మాటలు అవే. వరస అదే. నలభై ఏళ్ళుగా సగంలో నిలిచిపొయ్యే ఆ మాట వచ్చింది, నిలవలేదు, పూర్తయింది. దాని వెనక ఇంకో చరణం కూడా ఉంది. పురుషోత్తమన్ తెరిచిన నోరు మూయకుండా ఆ చరణం మొత్తం విన్నాడు.

"తప్పు ఫోనుది కాదురా," అన్నాడు దొరైస్వామి. "నాది. బెల్టు తెగితే సైకిల్ ట్యూబు కోసి వేసినా. అది సాగిపోయింది. మెట్లు దిగిందీ అదే, మాట సగంలో తెంపిందీ అదే. టేపు చాల్లేదు, అంతే. నాకు తెలుసు. మొదట్నించీ తెలుసు."

పురుషోత్తమన్ చొక్కా బొత్తాం ఒకటి విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అయితే," అన్నాడు మెల్లగా, "ఆ కాపర్ హెరన్స్‌ని ఈ లోకంలో నేనొక్కణ్ణే విన్నట్టు కదా? వాళ్ళ లీడ్స్ ఊళ్ళో కూడా ఎవుడూ వినలా. ఆ డెరెక్కే వినలా!"

"ఆ క్యాసెట్టు ఇంకా ఉందా తాతా?" అంది కవిప్రియ. "ఆదివారం అదే తీసుకురండి. అదే వేద్దాం."

"చూస్తివా దొరై!" పురుషోత్తమన్ వీపు మళ్ళీ నిలువైంది. "ఒకే ఒక్క మనిషి, కోట్ల మందిలో..."

"ఒక్కడివేందిరా? ఆ మిషన్‌లోనే నెల్లితోపులో సగం మందికి ఎక్కించినా," అన్నాడు దొరైస్వామి. "అందరూ విన్నారు. అందరూ మర్నాడే తెచ్చి నా మొహాన కొట్టినారు. నువ్వొక్కడివే, ఎంత బాగుందిరా, ఇంకోటి ఎక్కించి పెట్టు అని వచ్చినావు. నీకెట్టా చెప్పమంటావు?"