గోడ పక్కన తీగ

ఆదివారం పొద్దున. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ. అటు నర్సమ్మగారు, ఇటు మట్టి చేతులతో మాస్టారు.

“ఏంటి మాస్టారూ, ఇవాళ గడ్డి కోసే మిషన్ మోగలేదు? ఒంట్లో బాగానే ఉందా?”

“నిక్షేపంలా ఉన్నానండీ. మిషన్ అమ్మేశాను, లాన్ తవ్వించేశాను.”

“అయ్యో, పచ్చగా తివాచీలా ఉండేది కదా!”

“తివాచీ అయితే దులిపితే సరిపోయేది. దానికి నీళ్ళు పోయలేక, కొయ్యలేక చచ్చాను. ఇప్పుడు దాని బదులు వేసింది నేల మీద పాకే తీగ. కొయ్యక్కర్లేదు, నీళ్ళూ పెద్దగా తాగదు. పూలు పూస్తే తేనెటీగలొస్తాయి. ఇక చప్పుడంటే వాటిదే.”

“అంటే ఆ గోల ఇక ఉండదన్నమాట.”

“మీరేగా ఏళ్ళ తరబడి తిట్టారు, నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషిని పడుకోనివ్వరా అని!”

“తిట్టనా మరి? ఈ గోడ పక్కన కోసిందే మళ్ళీ కోసేవారు!”

“ఇక హాయిగా పడుకోండి.”

“రిటైరయ్యాక నిద్రెక్కడిది? పొద్దున్నే లేచి, కాఫీ పెట్టుకుని, మీ మిషన్ ఎప్పుడు మోగుతుందా అని కూర్చుంటున్నాను.”

“తిట్టడానికా?”

“వారం మొత్తమ్మీద నేను నోరు విప్పేది అప్పుడే కదండీ. ఇక దేనికని బయటికి రాను?”

“ఈ తీగతో ఒకటే చిక్కు. పట్టు దొరికితే గోడైనా ఎక్కేసి మీ వైపు దిగుతుందట.”

“దిగితే ఊరుకుంటానా? వచ్చి చెడామడా తిడతాను.”

“అందుకేనండీ, మొట్టమొదట గోడ పక్కనే నాటాను.”