పేరయ్య బ్యారనీలో సైదాబీ ఆఖరి కచ్చేరీ

సైదాబీ సన్నాయి నోట్లో పెట్టుకుందంటే ఎర్రదిబ్బపాలెంలో గొడ్లు కూడా మేత ఆపి చెవులు రిక్కించేయంట. ఆడమనిషి సన్నాయి ఊదటమేంది అని మీరు అడగబోతారు, నాకు తెలుసు. వాళ్ళ ఇళ్ళల్లో అంతే, మామ నేర్పితే కోడలు ఊదుద్ది. సైదాబీకి వాళ్ళ మామే నేర్పాడు. అయితే ఇంట్లో సాధన చేస్తంటే పక్కిళ్ళల్లో పసిబిడ్డలు ఉలిక్కిపడి లేస్తన్నారని రోజూ తగాదాలు. అప్పుడు పేరయ్య అని ఒక రైతు, అప్పుడే పొగాకు వెయ్యటం మానేసిన మనిషి, ఏమన్నాడంటే, మా బ్యారనీ ఊరికే పడుంది గదా చెల్లెమ్మా, అందులో పొయ్యి ఎంతసేపన్నా ఊదుకో, ఎవరొద్దంటారు అన్నాడంట. బ్యారనీ అంటే ఇప్పటి పిల్లలకి తెలవదు. కింద పొయ్యి రాజేసి పచ్చి పొగాకుని ఎండబెట్టే ఇల్లనుకో. నాలుగు పక్కలా ఇటికెల గోడలు, నాలుగు నిలువుల ఎత్తు, మధ్యలో ఏమీ లేదు. కిటికీ అనేది లేదు. ఉన్నది ఒకటే వాకిలి, అదీ ఎంత, నాలాంటి పొట్టోడు కూడా నడుం వంచి దూరాల్సిందే.

ఆ ఇంట్లో సన్నాయి ఎట్టా పలికేదంటే, ఒక స్వరం వదిల్తే అది పైదాకా పోయి, కప్పు కింద ఒక చుట్టు తిరిగి, మెల్లంగా మన నెత్తిన దిగేది. సైదాబీ ఆగేది. గోడ తిరిగి ఇచ్చిందాకా ఆగి, అప్పుడు దానికి జవాబు చెప్పినట్టు ఇంకోటి ఊదేది. అట్టా ముప్పయ్యేళ్ళు. ముందు పొలం నుంచి వచ్చే కూలోళ్ళు వాకిట్లో నిలబడి ఇనేవాళ్ళు. తర్వాత లోపల కూర్చున్నారు. తర్వాత తర్వాత ఆదివారం మజ్జానం అయ్యేసరికి అన్నాలు తిని అందరూ అక్కడికే. మైకెందుకు పెట్టవమ్మా అంటే, నా గోడలున్నాయి గదా అనేది. నా గోడలు అనేదనుకో, పేరయ్య ఇంటూ నవ్వేవాడు.

ఏమైందంటే, రోడ్డు పెద్దది చేస్తామని వచ్చి బ్యారనీ మీద ఎర్ర గీత గీశారు. పేరయ్య తిరగని ఆఫీసు లేదు. లాభం లేకపోయింది. సోమారం పొద్దున పడగొడతాం అన్నారు. సరే, ఆదివారం ఆఖరి కచ్చేరీ పెట్టుకుందామన్నారు. అయితే శుక్రారం నాడే మిషను వచ్చి ఉత్తరపు గోడ పక్కన ఇంత లోతున కాలవ తవ్వి పోయింది. శనారం పగలంతా వాన. కాలవ నిండా నీళ్ళు. ఆ నీళ్ళు ఎటు పోతన్నాయో ఎవరన్నా చూశారా? ఎవరూ చూడలా. నేనూ చూడలా.

ఆదివారం ఎండ కాసింది. జనం డెబ్బై మంది దాకా ఉంటారు, పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. పేరయ్య వాళ్ళమ్మ కోటమ్మవ్వ, తొంభై దాటిన మనిషి, నడవలేదు, చెవులు కూడా అంతంతమాత్రం. నన్నూ తీసుకుపోండ్రా అంటే కుర్చీతో సహా మోసుకొచ్చి, ఆనుకోటానికి వీలుగా ఉంటదని ఉత్తరపు గోడకే వేశారు. సైదాబీ డోలు కొట్టే మరిది నాగూరుతో ముందే చెప్పిందంట, మంగళం అయినాక అందరినీ నువ్వు బయటికి తీసుకుపో నాగూరూ, నేను కాసేపు ఒక్కదాన్నే ఉంటా, నాలుగు గోడలూ ముట్టుకుని వస్తా అని. అట్టాగే వదినా అన్నాడు.

మొదలుపెట్టింది. అరగంట బాగానే జరిగింది. తర్వాత కింది స్వరం మీద నిలబడితే, గోడ నుంచి తిరిగొచ్చేది జీరగా వచ్చింది. సైదాబీ సన్నాయి కొసన నోట్లో పెట్టుకునే పీకకి ఏమన్నా అయిందేమో అనుకుంది. తీసి ఇంకోటి పెట్టుకుంది. మళ్ళీ ఊదింది. మళ్ళీ అదే జీర. ముప్పయ్యేళ్ళు ఇన్న గోడ, దాని గొంతు ఆమెకి తెలవదా? ఊదుతానే కళ్ళెత్తి చూసింది. ఉత్తరపు గోడ మూల దారప్పోగు అంత వెలుతురు గీత. ఎప్పుడూ లేంది. ఇంకో వరస వాయించి మళ్ళీ చూసింది. ఇప్పుడు వేలు పట్టేంత ఉంది. సన్నంగా మట్టి రాల్తా ఉంది, ఎక్కడ, కోటమ్మవ్వ భుజం మీద! అవ్వేమో ఈగనుకుని దులుపుకుంటా ఉంది.

ఆమె తర్వాత చెప్పింది, ఆ నిమిషాన నా నోరు ఎండిపోయింది, గాలి ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలవదు అని. మరి అరవొచ్చు గదా అంటారు. అరిస్తే ఏమయ్యేది? ఒకటే వాకిలి, వంగి దూరే వాకిలి, డెబ్బై మంది. గోడ చంపేదానికన్నా ముందు మనమే ఒకళ్ళనొకళ్ళం తొక్కి చంపుకునేవాళ్ళం. సైదాబీ నాగూరు వంక చూసి, కళ్ళతో గోడ చూపిచ్చింది. నాగూరు చూశాడు. చేతికింద ఒక దెబ్బ తప్పింది. ఆపబోక అన్నట్టు తల ఊపింది ఆమె. వాడు ఆపలా.

అప్పుడు ఏం చేసిందంటే, కూర్చుని వాయించే మనిషి లేచి నిలబడింది. నిలబడి, తిన్నంగా కోటమ్మవ్వ ముందుకి పోయి, దేవుణ్ణి పల్లకీ ఎక్కించేటప్పుడు వాయించే ఊరేగింపు మేళం అందుకుంది. జనానికి అర్థమైంది. అర్థమైందంటే ఏమర్థమైందిలే, అవ్వని ఊరేగిస్తందిరా అని ఒకటే నవ్వులు! నలుగురం పోయి కుర్చీ నాలుగు కాళ్ళూ పట్టి లేపాం. ఆ నలుగుర్లో నేనొకణ్ణి. మా తలకాయల మీద గోడ వాలి ఉందని మాకేం తెలుసు? సైదాబీ ముందు, కుర్చీ వెనక, కుర్చీ వెనక చప్పట్లు కొట్టుకుంటా జనం. నాగూరు మాత్రం కదలకుండా వాకిలి పక్కన నిలబడి డోలు కొడతా, పదండి పదండి అని ఒక్కొక్కళ్ళనే సాగనంపతా ఉన్నాడు.

ఆమె వంగి బయటికొచ్చింది. వెనక కుర్చీ ఇరుక్కుంది. అవ్వ మహారాణి లాగా నిటారుగా కూర్చుంది, తల పైన దూలానికి తగల్తంది. వంగవే అవ్వా అని నేను అరిస్తే ఆమెకి ఇనపడదు. వెనక జనం తోస్తన్నారు, తొందరేందిరా అని ఇంకొకళ్ళు నవ్వతన్నారు. లోపల ఏదో టప్పుమని రాలింది. సైదాబీ వెనక్కి తిరిగింది. పరిగెత్తి రాలా. సన్నాయి నోట్లోంచి తియ్యలా. ఊదుతానే నడుం వంచి, సన్నాయి గూబ, అదే కింది వెడల్పు మూతి, నేలకి ఆనేటట్టు అవ్వకి దండం పెట్టింది. అవ్వ మర్యాద తెలిసిన మనిషి. తనూ రెండు చేతులూ జోడించి తల వంచింది. కుర్చీ సర్రున జారి బయటికొచ్చేసింది.

అక్కడ ఆగితే జనం వాకిట్లోనే గుంపు కడతారు. అందుకని ఆమె నడుస్తానే ఉంది, అల్లంత దూరాన ఉన్న ఎర్రదిబ్బ వైపు. ఊరేగింపు నడకే నడవాలి గదా, పరిగెత్తితే తెలిసిపోద్ది. అడుగు తీసి అడుగు వేస్తంది. నాకు చేతులు పీకతన్నాయి, కొంచెం గబగబా నడువు తల్లీ అని ఇసుక్కున్నా కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తది. ఆమె వెనక్కి చూడలా. వెనక డోలు ఇనపడతా ఉంది, లోపల్నుంచే. లోపల్నుంచి వస్తే ఒక రకంగా ఉంటది, బయట కొడితే ఒక రకంగా ఉంటది, ఆమెకి ఆ తేడా తెలుసు. ఇంకా లోపలే ఉన్నాడు. ఇంకా లోపలే. దిబ్బ దగ్గరికి చేరింది. ఇంకా లోపలే. అప్పుడు డోలు ఆగింది. ఆగటం, వెనకమాలే పెద్ద చప్పుడు, కాళ్ళ కింద నేల అదిరింది.

అప్పుడు సన్నాయి దించింది. తిరిగి చూస్తే బ్యారనీ కనపడలా, అంతా ఎర్ర దుమ్మే. నాగూరూ అని ఒక్క కేక పెట్టి ఆ దుమ్ములోకి పరిగెత్తింది. దుమ్ములోంచి నాగూరు దగ్గుకుంటా వచ్చాడు, నెత్తీ మొహం అంతా మట్టి. అందరూ వచ్చేశారు వదినా, నేనే చివర, డోలు మెళ్ళో ఉంటే వాకిట్లో పట్టలా, ఇప్పి పారేసి వచ్చా అన్నాడు. ఆమె వాడి చెంప మీద ఛెళ్ళున ఒకటి కొట్టింది. కొట్టి, వాణ్ణి పట్టుకుని ఏడ్చింది.

అప్పుడు తెలిసింది మాకు. నవ్వినోళ్ళంతా నేల మీద కూలబడ్డారు. పేరయ్య వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుని వదలడు. అవ్వ మాత్రం, ఔట్లు కూడా కాల్చారేందిరా అని అడుగుద్ది!

దుమ్ము అణిగినాక చూస్తే ఇంకా మూడు గోడలు నిలబడే ఉన్నాయి. సైదాబీ లేచి అటు నడిచింది. పేరయ్య అడ్డంపడ్డాడు. వద్దు చెల్లెమ్మా, అయ్యి కూడా నిలబడేయి కావు. ఒక్కసారి ముట్టుకుని వస్తా అన్నా అందామె. నీకు దండం పెడతా, వద్దు తల్లీ. ఆమె ఆగింది. ఆగి, నిలబడ్డచోటే నిలబడి సన్నాయి నోటికి ఎత్తింది. ఎత్తింది గానీ ఊదలా. ఊదితే తిరిగి రాదు గదా. సన్నాయి గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని, పద నాగూరూ అంది. మంగళం వాయించలా. పొద్దున మిషను వచ్చి పావుగంటలో చదును చేసిపోయింది, అది చూట్టానికి కూడా ఆమె రాలా.

నలభై రోజులు సన్నాయి ముట్టలేదంట. మళ్ళీ ముట్టింది, ముట్టక ఏం చేస్తది. ఇప్పుడు పెళ్ళిళ్ళకి పిలుస్తారు, పెద్ద పెద్ద హాళ్ళకి పిలుస్తారు. కచ్చేరీకి ఏమేం కావాలమ్మా అని వాళ్ళు అడిగితే, మైకు అడగదు, తివాసీ అడగదు, ఆ హాలుకి వాకిళ్ళు ఎన్ని అని అడుగుద్ది. ఒకటే అన్నారనుకో, బయట పందిట్లో వాయిస్తానంటది. చాదస్తం అని నవ్వతారు తెలవనోళ్ళు. నేను నవ్వను. నేను మీకు ఈ కత ఆరుబయట కూర్చోబెట్టి ఎందుకు చెప్పాననుకున్నారు మరి?