ఆగి చూసే లైను

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర. ఫోనులో ఇద్దరు: ఆఫీసు నుంచి ఆమె, ఇంటి నుంచి ఆయన.

“...అది కాదు మాస్టారూ, మీరు ముందు వినండి. ఐదింటికి గేటు మూసేస్తారు, ఇంక కొత్త కోడు తీసుకోరు. ఐదులోపు నా పాచ్ లోపలికి వెళ్ళకపోతే మళ్ళీ మూడు నెలల దాకా దాని మొహం ఎవరూ చూడరు.”

“వింటూనే ఉన్నానమ్మాయ్. నువ్వే ఊపిరి తీసుకోవడం లేదు.”

“ఆరు నెలల పని అండీ. సిస్టానికి గుండెకాయ లాంటి ఈ కెర్నెల్లో నా పేరుతో ఇంత పెద్ద మార్పు వెళ్ళడం ఇదే మొదటిసారి. మా మేనేజరు గంటకోసారి వచ్చి నా కుర్చీ వెనక నిలబడి, ఏమీ అనకుండా వెళ్తున్నాడు. తిట్టినా బాగుండును.”

“నా వెనక కూడా అలాగే నిలబడేవాడు. అలవాటైపోతుందిలే. అవునూ, నా కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?”

“ఎవరూ లేరు. దాని మీద ప్రింటరు పెట్టారు.”

“ప్రింటరా! నాకంటే ఎక్కువ మాట్లాడుతుందా?”

“నవ్వించకండి మాస్టారూ, నాకు ఏడుపొస్తోంది ఇక్కడ. నేను చేరిన మొదటి రోజు మీరు ఏం చెప్పారో గుర్తుందా?”

“చాలా చెప్పి ఉంటాను. నోరు ఊరుకునేది కాదు అప్పట్లో.”

“మెమరీ పేజీ అంటే పలక లాంటిది, ఒక ప్రోగ్రాం రాసుకుని వదిలేసిన పలకని ఇంకో ప్రోగ్రాంకి ఇచ్చేముందు శుభ్రంగా తుడవాలి, లేకపోతే ముందువాడి గుట్టంతా తర్వాతవాడు చదివేస్తాడు అన్నారు. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం పలకలు తుడవడమే అన్నారు. నేను నవ్వాను.”

“నవ్వలేదు, భయపడ్డావు. ఇంత చదువూ చదివింది పలకలు తుడవడానికా అని.”

“సరే, భయపడ్డాను. ఇప్పుడు నేను మార్చింది ఆ తుడుపే కదా. మీ కోడు పెద్ద పేజీని చిన్న చిన్న ముక్కలుగా తుడిచేది. ఒక ముక్క తుడవడం, ఆగడం, ఇంకెవరికైనా ప్రాసెసర్ కావాలా అని చూడడం, మళ్ళీ ఇంకో ముక్క. ఒక పేజీలో ఉన్నది ఇంకో పేజీలోకి ఎక్కించేటప్పుడూ అంతే. ఆ ఆగి చూసే లైను నేను తీసేశాను. మొదలుపెడితే చివరి దాకా ఒకటే దెబ్బ. పదకొండు శాతం వేగం పెరిగింది మాస్టారూ, పదకొండు!”

“చూశాను. బాగా రాశావు. మూడో వెర్షన్ కంటే ఇది చాలా నయం.”

“మూడోది కూడా చూశారా? ఎక్కడ చూశారు?”

“అదే... మెయిల్ లిస్టులో పెట్టావుగా. అందరూ చూస్తారు, నేనూ చూశాను. రిటైరైతే కళ్ళు కూడా అప్పజెప్పి రావాలా?”

“అయ్యో, అలా కాదు. చూస్తే మరి పిచ్చుకని కూడా చూసే ఉంటారు.”

“ఏ పిచ్చుక?”

“ఎవరో మాస్టారూ. పేరు లేదు, ఊరు లేదు, పిచ్చుక అని పెట్టుకున్నాడు. బుధవారం ఒక రిపోర్టు పడేశాడు. నా పాచ్ పెడితే వాడి మెషీను రెండు సెకన్లు బిగుసుకుపోతోందట. గిగాబైటు పేజీ తుడుస్తున్నంతసేపూ ఎవరు పిలిచినా పలకట్లేదట. నలభై మెషీన్ల మీద నడిపాను నేను. ఒక్కటీ కిక్కురుమనలేదు.”

“పాతదై ఉంటుంది పాపం.”

“ఒక్క ఫిర్యాదు నిలబడి ఉన్నా గేటు దగ్గర ఆపేస్తారు, మీకు తెలుసుగా. ఆ రూలు పెట్టించిందే మీరు.”

“పెట్టించాను. మంచి రూలే.”

“వాడికి నాలుగు మెయిళ్ళు రాశాను. ఈ వివరం పంపండి, ఆ టెస్టు నడపండి అని బతిమాలాను. జవాబు లేదు. మనిషి ఉన్నాడో పోయాడో కూడా తెలీదు.”

“ఉన్నాడులే.”

“ఏంటి?”

“ఉండే ఉంటాడులే అంటున్నా. ఒక పని చెయ్యి. ఆ లైను తిరిగి పెట్టెయ్యి.”

“పెడితే ఆ పదకొండూ పోతుంది. అది పోతే ఇంక పాచ్‌లో మిగిలేదేంటి, కామెంట్లా? అసలు ఆ లైను ఎందుకు పెట్టారు మాస్టారూ? ఇప్పుడు ఒక్కో మెషీన్లో ఎన్నెన్ని ప్రాసెసర్లు! ఒకటి తుడుస్తూ కూర్చుంటే మిగతావి పలుకుతాయిగా.”

“అప్పట్లో ఒక్కటే ఉండేది. ఆ ఉన్న ఒక్కటీ పనిలో మునిగిపోతే బయట తలుపు బాదినా వినపడదు. అందుకని మధ్యలో తలెత్తి చూడాలి, ఎవరైనా వచ్చారేమో అని... ఉండు, కుక్కరు కూస్తోంది.”

“మూడున్నరకి వంటేంటి?”

“ఎప్పుడు ఆకలేస్తే అప్పుడే. రమ్మని పిలిచి వడ్డించేవాళ్ళుంటే వేళాపాళా ఉంటుంది. ఆఁ, కట్టేశాను. చెప్పు.”

“ఒకటడుగుతాను. మీరు రిటైరైన రోజు పాత టెస్టు మెషీను ఇంటికి పట్టుకెళ్ళారే, అది ఇంకా నడుస్తోందా?”

“నడవకేం? పారేస్తామంటే తెచ్చుకున్నాను. కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి మరీ తెచ్చాను. ఉన్న రెండు ప్రాసెసర్లలో ఒకటి కాలిపోయింది. మిగిలిన ఒక్కదానితో లాక్కొస్తోంది.”

“ఏడో స్లాటు?”

“ఏ ఏడో స్లాటు?”

“చేరిన కొత్తలో మెమరీ కార్డు తిరగేసి దిగ్గొట్టి, ఏడో స్లాటు విరగ్గొట్టాను. ఏడ్చాను కూడా. మీరు దాని మీద టేపు అంటించేసి ఎవరికీ చెప్పలేదు.”

“ఎప్పటి సంగతో అది. ఇప్పుడెందుకు?”

“పిచ్చుక రిపోర్టు కింద మెషీను వివరాలున్నాయి. ఎనిమిది స్లాట్లు. ఏడోది ఒక్కటే ఖాళీ.”

“చాలామంది మెషీన్లలో అలా...”

“మాస్టారూ.”

“ఉంటుందమ్మా, కొందరు...”

“మాస్టారూ, ఏడోది వదిలేసి ఎనిమిదోది నింపుకునేవాడు ఇంకెవడైనా ఉంటాడా?”

“ఉండడు. నేనే.”

“మీరేనా!”

“నేనే. పేరు ఏం పెట్టాలా అని తలెత్తితే కిటికీ మీద పిచ్చుక కనపడింది. అదే పెట్టేశాను.”

“ఎందుకండీ ఇలా చేశారు? ఒక్క మాట నాతో చెప్తే పోయేదిగా! రెండు రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు.”

“నా పేరుతో పెడితే ఎవరూ ఎదురడగరు. మాస్టారు అన్నారుగా అని నీ పాచ్ తీసి పక్కన పడేస్తారు. నీకు నేను అడ్డం పడకూడదనుకున్నాను.”

“ఇప్పుడు పడలేదా?”

“పడ్డాను. తెలుస్తూనే ఉంది.”

“అసలు నా పాచ్ మీ మెషీన్లో ఎందుకు పెట్టుకున్నారు? టెస్టు చెయ్యమని ఎవరడిగారు మిమ్మల్ని?”

“ఎవరూ అడగలేదు. నువ్వు పంపే ప్రతీదీ పెడతాను, మొదటి వెర్షన్ నుంచీ. పొద్దున లేస్తూనే నీ కోడు చదువుతాను. ఇదిగో, ఇక్కడ తొందరపడింది, ఇక్కడ అనుమానం వచ్చి మళ్ళీ కొట్టేసింది, ఈ కామెంటు రాసేటప్పుడు ఎవరి మీదో చిరాగ్గా ఉంది అనుకుంటూ. ఎవరో పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో ఇంకెవరున్నారు చెప్పు? కొన్ని రోజులు నా గొంతు నాకే వినపడదు. చాలా ఒంటరిగా ఉందమ్మాయ్.”

“మాస్టారూ...”

“జాలి పడకు, నాకు నచ్చదు. అడిగావు కాబట్టి చెప్పాను.”

“పడట్లేదు. సరే, మెషీను బిగుసుకుంది. బిగుసుకుంటే ఏమైంది? దాని మీద మీరు చేసేది చదవడమేగా? రెండు సెకన్లు తెర కదలకపోతే ఏం కొంప మునిగింది?”

“ఫోను పోయింది.”

“ఏ ఫోను?”

“ఇప్పుడు నువ్వు మాట్లాడుతున్న ఫోనే. ఇదీ ఆ మెషీను మీదే నడుస్తుంది, నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాం. పిలుపొచ్చిన సెకనులో మెషీను పలక్కపోతే అది వదిలేస్తుంది. ఎవరు చేశారో కూడా రాసిపెట్టదు. నాసిరకం ప్రోగ్రామే, ఒప్పుకుంటాను.”

“ఎప్పుడు పోయింది?”

“మంగళవారం. నాలుగూ రెండు నిమిషాలకి.”

“ఎవరిది?”

“ఎవరిదేంటి? నీది.”

“నాదా?”

“పదకొండు నెలలుగా ప్రతి మంగళవారం నాలుగింటికి నువ్వు చేస్తావు. ఒకటో రెండో డౌట్లడుగుతావు. ఒక్క వారం తప్పలేదు. జ్వరం వచ్చి మూలుగుతూ కూడా చేశావు. మొన్న మోగలేదు. నాలుగున్నర దాకా చూశాను. ఐదయింది. స్పీకరు వైరు పీకి మళ్ళీ పెట్టాను. చివరికి, మెషీను ఏ క్షణంలో ఏం చేసిందో రాసుకునే లాగ్ తెరిస్తే, సరిగ్గా నాలుగూ రెండుకి నీ పాచ్ ఒక గిగాబైటు పేజీ తుడుస్తోంది, రెండు సెకన్లు ఎవరికీ పలకలేదు. హమ్మయ్య అనుకున్నాను.”

“హమ్మయ్య ఏంటండీ!”

“కారణం దొరికిందిగా. అమ్మాయి చేసింది, మెషీనే పలకలేదు. అప్పుడు ప్రాణం కుదుటపడింది. మర్నాడు రిపోర్టు రాశాను.”

“పోనీ మీరే ఒక ఫోను కొట్టొచ్చుగా నాకు?”

“డౌట్లు నీవి. నేను చేస్తే ఏమడగాలి?”

“ఏమడగాలేంటి, మాస్టారూ... చూడండి, మంగళవారం నేను...”

“ఉండు. ముందు నా మాట పూర్తి కానీ, తర్వాత చెబుదువు. రిపోర్టు నా ఎదురుగానే తెరిచి ఉంది. వెనక్కి తీసుకోవాలంటే ఒక్క నొక్కు. నువ్వు ఫోను చేశావనుకో, పిలుపు నిజంగా పోయినట్టు. రిపోర్టు ఉండాల్సిందే, నీ పాచ్ మూడు నెలలు ఆగాల్సిందే. నాకు బాధే, కానీ పని పనే. చెయ్యలేదనుకో, ఒక ముసలాడి ఇంట్లో ఒక పాత డొక్కు రెండు సెకన్లు కునికింది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. తీసేస్తాను. ఐదులోపు నీ పాచ్ వెళ్ళిపోతుంది. నేనేమీ అనుకోను.”

“అనుకోరా?”

“అనుకుంటాను. అయినా చెప్పు. పని అయిపోయింది, డౌట్లు అయిపోయాయి. ఇంకా నాతో ఏం మాట్లాడతావు? అది తప్పు కాదమ్మా. నాకూ పని నేర్పిన ఒకాయన ఉండేవాడు. నేనూ వారం వారం చేసేవాణ్ణి. ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు. ఆయన నాకేం రిపోర్టు పెట్టలేదు.”

“...”

“అమ్మాయ్?”

“ఉన్నాను.”

“మేనేజరు వచ్చి నిలబడ్డాడా?”

“లేదు. మీ మెషీను ఫ్యాను చప్పుడు వినపడుతోంది. మా ల్యాబులో ఉన్నప్పుడూ అలాగే గోల పెట్టేది.”

“మాట మార్చకు. మంగళవారం నాలుగింటికి చేశావా?”

“చేశాను మాస్టారూ.”

“చేశావా?”

“చేశాను. రెండుసార్లు చేశాను. మోగీ మోగీ ఊరుకుంది. పడుకున్నారేమో అనుకున్నాను. తర్వాత మళ్ళీ చెయ్యాల్సింది, పనిలో పడి మర్చిపోయాను. నాదే తప్పు. మీ రిపోర్టు కరెక్టే, అలాగే ఉంచండి. ఆ లైను తిరిగి పెట్టి, మూడు నెలలయ్యాక పంపుకుంటాను. నాకేం తొందరలేదు. వింటున్నారా?”

“వింటున్నాను.”

“మరి మాట్లాడరేం?”

“ఇంకా గంట పైనే ఉంది. వెళ్ళి పాచ్ పంపించుకో. రిపోర్టు తీసేశాను.”

“తీసేశారా! ఎందుకండీ? చేశానని చెప్తున్నానుగా!”

“నువ్వు చెప్పకముందే తీసేశానమ్మాయ్. నిజంగా చేసినవాళ్ళకి ఆ మాట చెప్పడానికి అంతసేపు పట్టదు.”