మ్యాట్ కింద తడి

మిడతమ్మా, నీ సంగతే రాస్తున్నానమ్మా. ఎస్సై గారు జరిగింది జరిగినట్టు రాయమన్నారు.

నేను మిడత తల్లిని. పుట్టిన దగ్గర్నుంచీ గెంతులే కాబట్టి ఇంట్లో దాన్ని అలాగే పిలిచేవాళ్లం. నా వయసు నలభై మూడు. బట్టలు ఇస్త్రీ చేస్తాను. నా కూతురికి పద్దెనిమిది. హైజంప్ ఆడేది.

మొదట్లో ఇసుకలో ఎగిరించేవారు, తర్వాత ప్రాక్టీసు హాల్లో మందపాటి మ్యాట్ మీద. సెలక్షన్లు దగ్గరపడ్డాక కోచ్ గారు మ్యాట్ తీయించేసి, ఉత్త సిమెంటు గచ్చు మీద చేయించారు. చెక్కపెట్టె ఎక్కి దూకడం, దూకి మళ్లీ ఎగరడం. ఈ మాట నా కూతురే చెప్పింది.

"ఇసుక కాలు లాగేస్తుందమ్మా. మ్యాట్ సగం బలం మింగేస్తుంది. గచ్చయితే బంతిలా లేస్తాను."

"మరి దిగేటప్పుడో?"

"దిగేటప్పుడూ గచ్చే, పిచ్చి అమ్మా!" అని నవ్వింది.

ఆ తర్వాత మోకాలి కింద ఎముక నొప్పి మొదలైంది. నూనె రాద్దామంటే చెయ్యి తగలనిచ్చేది కాదు. కోచ్ గారికి చెప్పవే అంటే, "చెబితే పక్కన కూర్చోబెడతారు" అంది.

మంగళవారం పొద్దున ఏడున్నరకు కోచ్ గారు ఫోన్ చేశారు. కాలు మడతపడి వెనక్కి పడింది, తలకు దెబ్బ తగిలింది అన్నారు. నేను ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. దాని చెప్పులు తెచ్చుకుందామని అట్నుంచే హాలుకు వెళ్లాను. మ్యాట్ పరిచి ఉంది.

"దీని మీదే పడిందమ్మా" అన్నారు కోచ్ గారు.

మ్యాట్ మీద పడితే తల పగులుతుందా అని అడిగాను. "మన టైం బాగోలేదు" అన్నారు. మ్యాట్ పొడిగా ఉంది. అంచు ఎత్తి చెయ్యి పెట్టాను. కింద గచ్చు తడిగా ఉంది. ఫినాయిల్ వాసన. మ్యాట్ మీద పడిన పిల్లకు కింద గచ్చు ఎందుకు కడిగారండీ?

అదే అడిగితే ఆయన వచ్చి ఆ అంచు మీదే నిలబడ్డారు. "మీరు కూర్చోండమ్మా, మంచినీళ్లు తాగండి" అన్నారు. ఆయన మాత్రం కదల్లేదు. ఆయన బూటు నా వేళ్లకు ఆనుకునే ఉంది.

దాంతోపాటు ఎగిరే పొడుగుపిల్ల గేటు దాకా వెంట వచ్చింది. "ఆంటీ, నన్నేమీ అడక్కండి. నేనూ సెలక్షన్‌కి వెళ్లాలి" అంది. అప్పటికి నేనా పిల్లని ఇంకా ఏమీ అడగనే లేదు.

రేపు సాయంత్రం ఆ గచ్చంతా కొత్త రబ్బరు అతికిస్తారని వాచ్‌మన్ చెప్పాడు. అతికించాక ఇక కనబడేదేముంది? ఈలోగా మీరు వెళ్లి ఆ మ్యాట్ ఎత్తించాలి. నేను అడిగేది అదొక్కటే.

ఇదంతా నేను కళ్లారా చూసింది, నా బిడ్డ నాతో అన్నది. అక్షరాల్లో తప్పులుంటే ఉండొచ్చు, విషయంలో లేవు. వేలిముద్ర అక్కర్లేదు, నాకు సంతకం వచ్చు. పెట్టాను.

అయ్యా, అక్కడ మిమ్మల్నీ కూర్చోమంటారు, మాటల్లో పెడతారు, ఎంతసేపు పడుతుందో ఏమో. కడుపునిండా తిని వెళ్లండి.