చాల్లే

చంద్రపూర్. బాబుపేట్‌లో గని సైరన్‌లకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీ. గనిలో గ్యాస్ నిండినా సైరన్ మోగని మరునాడు. విచారణ గది బయట ఇద్దరు: టెస్టింగ్ చేసే కోమల, ఆమె టీమ్ లీడర్ విజయ్‌కుమార్.

“ఏడ్వకు కోమలా. లోపల నాగపూర్ హెడ్డాఫీసు సాబ్‌లున్నరు. నన్ను అన్నా అంటవ్ కదా, మొత్తం చెప్పు. టెస్టుల ఏమొచ్చింది?”

“నీకు తెల్వదా అన్నా? పక్కనే కూసున్నవ్.”

“నీ నోటితోని చెప్పు. లోపల గిట్లనే అడుగుతరు.”

“సైరన్‌కు కబురు పోవాలంటే ముందుగాల సాకెట్ తెరుసుకోవాలె. తలుపసొంటిది. కబురుకు రెండు తొవ్వలు. పాత అడ్రసులు, ఐపీ ఫోర్... టీసీపీల తెరుసుకుంది, యూడీపీల తెరుసుకుంది. కొత్తయి, ఐపీ సిక్స్... టీసీపీ అయ్యింది. యూడీపీ కాడ...”

“కాడ?”

“సాకెట్టే పుడ్తలేదు. మూడుసార్లు చేసిన, మూడుసార్లు ఎర్రగనే, ఫెయిలనే వచ్చింది. గనిల సైరన్‌లన్నీ దాని మీదనే ఉన్నయని నీకు చెప్పిన.”

“నాకా? సరే. నాగపూర్‌కేం చెప్పినవ్?”

“ఫోన్‌ల శ్రేయస్ సార్ మరాఠీల ఆగకుంట అడుగుతుండు, అయ్యిందా, అయ్యిందా అని. నువ్వేమో పక్కకెంచి, ‘ఎర్రగుంటే ఏంది, పచ్చగ రాసెయ్ పిల్లా’ అని నవ్వుడు. నాకు కోపమొచ్చింది. నీకే అన్న, చాల్లే అని.”

“చాల్లే.”

“ఆ. ఇగ ఆపు అని. సార్ దాన్ని మరాఠీల చాల్లే అనుకున్నడు. అన్నీ నడిచినయ్ అని. ‘బరం’, మంచిది అని ఫోన్ పెట్టేసిండు. గంటల్నే ఆ సాఫ్ట్‌వేర్‌ను గనికి ఎక్కించేసిండు.”

“మల్ల ఫోన్ చెయ్యకపోయినవా?”

“చేస్తనంటే నువ్వే ఆపినవ్! రేపు చెప్దాం, పోయి అన్నం తిను అన్నవ్.”

“రాసిందేమన్న ఉందా? మెసేజ్, కాయితం?”

“మెసేజ్ లేదు. టెస్టు కాయితం నీకే ఇచ్చిన.”

“ఏ కాయితం?”

“...అన్నా?”

“ఫోన్ రికార్డు వాళ్ల దగ్గరుంది. నేనూ విన్న. నా గొంతు వినొస్తలేదు. నీదొక్కటే.”

“గందుకే నువ్వు లోపలికి రావాలె. ఆ గదిల తెలుగొచ్చినోళ్లు ఒక్కలు లేరు. చాల్లే అంటే మన దాంట్ల ఏందో నువ్వొక్క మాట చెప్తే చాలు. గనిల గ్యాస్‌కు పడిపోయిన పోచన్న కాక ఇంకా కండ్లు తెరుస్తలేడు. దవాఖానల ఆయన పెండ్లాం సత్తమ్మ నా మొఖం మీద ఉమ్మింది. పొరపాటు అయ్యిందని కాదన్నా, ఫెయిలైందని తెలిసే నేను పాస్ అని చెప్పిన అనుకుంటుంది.”

“పాపం.”

“చెప్తవ్ కదా?”

“బల్లార్‌పూర్‌ల నేను మరాఠీ బడిల సదువుకున్న. కంపెనీల చేరేటప్పుడు నింపిన ఫారం చూసినవా? వచ్చిన భాషలు మరాఠీ, హిందీ, ఇంగ్లీష్.”

“గదేందన్నా? గిప్పుడు మనం మాట్లాడేది...”

“తలుపు తీస్తున్నరు. కండ్లు తుడ్సుకో.”

“అన్నా, చెప్తవా, చెప్పవా?”

“ఏమని చెప్పాలె పిల్లా? నాకు తెలుగు రాదు.”