శుభలేఖలో ఇంటిపేరు

మాచర్లలో శుభలేఖలు అచ్చువేసే కొట్టులో నాయనమ్మ, పెళ్ళి కుదిరిన మనవరాలు నమూనా కాయితం చూస్తున్నారు.

“నాయనమ్మా, ఇంటిపేరు తీయిద్దాం. చెంచు అని చూసి, మీరు అడివి చెంచులా అని అందరూ అడుగుతున్నారు.”

“కాదు గానీ, మనల్ని బతికించింది వాళ్ళే. కరువులో మీ తాత వాళ్ళ ముత్తవ్వ గడ్డలు తవ్వుకోను అడివికి పోయి, అక్కడే కాన్పై చనిపోయింది. బిడ్డని ఒక చెంచామె తన పాలిచ్చి మూడేళ్ళు సాకి, ఊళ్ళో అప్పజెప్పి పోయింది.”

“ఆ బిడ్డ బతక్కపోతే…”

“నువ్వూ లేవు, మీ నాన్నా లేడు.”

“ఆమె పేరేంది నాయనమ్మా?”

“ఆ రోజు ఎవరూ అడగలా. అందుకే ఆమె జాతి పేరే ఇంటిపేరు చేసుకున్నారు.”

మనవరాలు నమూనా కాయితంలో చనిపోయిన పెద్దల పేర్ల మీద వేలు పెట్టింది.

“మరి కీర్తిశేషుల వరసలో ఆమెని ఎట్టా రాపిద్దాం?”

“ఇంటిపేరు ఉంచు. అదే ఆమె.”